దుప్పట్లు మడతపెట్టింది ఎవరు?

నరసరావుపేటలో నేను బీయే చదివే రోజుల్లో స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నవాళ్ళం తొమ్మిదిమందిమి. మాలో ఇంగ్లీషు మీద ఇష్టంతో చేరినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్ళు వేరే గ్రూపుల్లో సీటు దొరక్క వచ్చినవాళ్ళు. నేను ఆ రెండు రకాల్లోనూ లేను. హైస్కూల్లో మా టీచరమ్మ ఒకసారి నా నోట్సు చూసి "నీ చేతిరాత ఇంగ్లీషుకి బాగా కుదిరిందే" అన్నది. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్ళి చేరాను. చేతిరాత కుదిరితే భాష దానంతటదే వస్తుందనుకునే వయసు నాది.

రెండో ఏడు మాకు ఒక నవల పెట్టారు. నూటయాభై ఏళ్ళ కిందటిదట. ఇంగ్లండులో ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో నాలుగైదు పెద్ద కుటుంబాలు. వాళ్ళు ఒకరింటికి ఒకరు వెళ్ళి టీలు తాగుతారు, ఇంటికొచ్చి ఒకరి గురించి ఒకరు మాట్లాడుకుంటారు. నాలుగువందల పేజీలూ ఇదే. ఎవరింటికి ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరి బండికి ఎన్ని గుర్రాలు, ఎవరిని చూసి ఎవరు ఎంత వంగాలి! నేను పల్నాటి పిల్లని. కథంటే అందులో కనీసం ఒక కోడిపందెమైనా ఉండాలి నాకు.

మా ఇంగ్లీషు సారు మొదటిరోజే బోర్డు మీద "ఇది సొసైటీ మీద సెటైర్" అని రాశారు. నేను చక్కటి చేతిరాతతో నోట్సులోకి ఎక్కించుకున్నాను. డిక్షనరీ చూస్తే సెటైర్ అంటే విమర్శ అని ఉంది. విమర్శ అంటే తిట్టడమే కదా అనుకున్నాను. పుస్తకం మొత్తం వెతికినా ఎవరూ ఎవరినీ తిట్టలేదు. పైగా అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. సారు పొరపాటు పడ్డారేమో అని కూడా అనిపించింది నాకు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న పరుపులు కుట్టేవాడు. భుజాన దూది ఏకే విల్లు, చేతిలో చెక్క గూటం, జేబులో దబ్బనం, దారపు ఉండ. ఇంత సరంజామాతో పొద్దున్నే బయల్దేరేవాడు. ఒకరోజు ఊళ్ళోనే, ఒకరోజు నాదెండ్ల, ఇంకోరోజు బస్సెక్కి బొల్లాపల్లి వైపు. పరుపు కుట్టించుకునేవాళ్ళు దాన్ని మా ఇంటికి పంపరు, నాన్నే వాళ్ళింటికి పోవాలి. దొడ్లో ఒక మూల చాప పరిచి, పాత పరుపు విప్పి, దూది ఏకి, ఎండబెట్టి, మళ్ళీ నింపి కుట్టేసరికి పొద్దుగూకుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దొడ్లో కూర్చున్న మనిషిని ఇంట్లోవాళ్ళు కాసేపటికి మర్చిపోతారు. ఆ తర్వాత వాళ్ళు ఎలా ఉంటారో అలాగే ఉంటారు. ఆ పరుపులో ఉన్నది కొత్త బూరుగు దూదో, పాత చీరల పేలికలో ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ ఇంటి ఇల్లాలు, రెండోవాడు మా నాన్న.

ఇంటికొచ్చి, కనుబొమ్మల్లో ఇరుక్కున్న దూది కడుక్కుని, అన్నం దగ్గర కూర్చున్నాక నాన్న మొదలుపెట్టేవాడు. "ఇయ్యాల ఒకింట్లో..." అని. ఎప్పుడూ "ఒకింట్లో" అనే. ఆ ఇల్లు ఏదో, ఏ బజార్లోదో, ఎవరిదో ఒక్కసారి కూడా చెప్పలేదు. అమ్మ బతిమాలినా చెప్పేవాడు కాదు. "ఇల్లు చెప్తే అది చాడీ అయిద్దే. నేను చెప్పేది కత" అనేవాడు. ఆ ఇంటావిడ పక్కింటావిడ ఉన్నప్పుడు ఎలా మాట్లాడింది, ఆవిడ వెళ్ళిపోయాక ఎలా మాట్లాడింది, మజ్జిగ పోసేటప్పుడు గ్లాసు ఎంత ఎత్తు నుంచి వంచింది, అన్నీ గొంతు మార్చి, మెడ తిప్పి చేసి చూపించేవాడు. అమ్మ నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకునేది.

చిన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని. కాలేజీలో చేరాక నవ్వు ఆగిపోయింది. నా క్లాసులో ఒకమ్మాయి, మంచి పిల్ల, పాపం ఏ ఉద్దేశమూ లేకుండానే "మొన్న మా ఇంట్లో పరుపులు కుట్టింది మీ నాన్నగారే కదా" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం నాన్న ఎవరో ఆవిడ గాజులు పైకి తోసుకోవడం చేసి చూపిస్తుంటే, అది ఆ అమ్మాయి వాళ్ళమ్మేనేమో అనిపించింది. ఇక ఆగలేకపోయాను. "వాళ్ళ తిండి తిని వాళ్ళనే ఎక్కిరిస్తావేంది నాన్నా? పెద్దోళ్ళని అట్టా అనొచ్చా?" అన్నాను.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "సరేనమ్మా" అన్నాడు. కోప్పడలేదు. మర్నాటి నుంచి మౌనంగా తిని లేచిపోయేవాడు. అమ్మ నా వైపు చూసే చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను మాత్రం చదువుకున్నదాన్ని కదా, సంస్కారం నేర్పానని లోపల్లోపల పొంగిపోయాను. అంత బుద్ధి తక్కువదాన్ని.

ఆ సంస్కారమే నన్ను హాఫ్ ఇయర్లీ పరీక్షలో ముంచింది. ఆ నవలలో ఒక దొరసాని ఉంటుంది. ఆ ఊళ్ళో సగం భూములు ఆవిడవే. చలికాలంలో బీదవాళ్ళకి దుప్పట్లు పంచుతుంది. ఆవిడ స్వభావాన్ని వర్ణించమని ప్రశ్న. నేను నాలుగు పేజీలు రాశాను. ఆవిడ దయ, ఆవిడ దానగుణం, బీదవాళ్ళ పొయ్యిలు ఎలా ఊదుకోవాలో కూడా దగ్గరుండి చెప్పే ఆవిడ శ్రద్ధ, ఏదీ వదల్లేదు. చివర్న, "అందరూ ఒకసారి దానం చేస్తారు, ఈ తల్లి ఒకేరోజు రెండుసార్లు పంచింది" అని ముగించాను.

రెండుసార్లు పంచిన మాట నిజమే. ఎందుకు పంచిందో నాకు అర్థం కాలేదు, అంతే. పొద్దున పంచే వేళకి పట్నం నుంచి రావలసిన చుట్టాల బండి రాలేదు. చూసేవాళ్ళు లేకుండా పంపకం అయిపోయింది. మధ్యాహ్నం బండి వచ్చింది. అప్పుడు ఆ దుప్పట్లన్నీ వెనక్కి తెప్పించి, మడతపెట్టించి, చుట్టాల ముందు మళ్ళీ పంచింది ఆ మహాతల్లి. ఆ వాక్యం పేజీలో సగం దాకా సాగుతుంది. సగంలోనే నేను ఊపిరి ఆడక వదిలేశాను.

ఇరవైకి నాలుగు మార్కులొచ్చాయి. సారు పేరు చెప్పకుండా నా ఆఖరి వాక్యం క్లాసులో చదివారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాది కానట్టు. తర్వాత స్టాఫ్ రూముకి పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"ఈ పుస్తకం రాసినామె పెదవి బిగబట్టి నవ్వుతూ రాసిందమ్మా. నువ్వు చేతులు కట్టుకుని చదివావు" అన్నారు. నా పేపరు తిరగేసి, "మీ ఇంట్లో వెటకారంగా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగారు.

"లేరు సార్" అన్నాను.

ఆ అబద్ధం నోట్లోంచి వచ్చినప్పుడే చేదుగా అనిపించింది. మార్కుల భయం కూడా తక్కువేం కాదు. నన్ను కాలేజీలో వేసేటప్పుడు మా పెదనాన్న ఇంటిమీదికొచ్చి పెద్ద గొడవ చేశాడు. మా వాళ్ళలో ఆడపిల్ల అంతవరకు కాలేజీ గుమ్మం తొక్కలేదు. పరుపుల గలేబులు కుట్టడానికి నా కోసం రెండో కుట్టుమిషను తెచ్చి పెట్టి ఉంది కూడా. నాన్న అన్నకి ఎదురు చెప్పే మనిషి కాదు. "ఒక్క పేపరు తప్పినా మానిపిస్తానన్నా, నాదీ మాట" అన్నాడు. మా నాన్న మాటంటే మాటే. అంటే మార్చిలో ఆ నవల పేపరు పోతే నా చదువు అక్కడితో సరి. ఆ మిషను మీద కప్పిన గుడ్డ నాకు రోజూ కనపడుతూనే ఉండేది.

నాకు సాయం చేయగలిగిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఆయన నోరు మూయించింది నేనే. నాలుగైదు రోజులు లోపల్లోపల కొట్టుకున్నాను. శుక్రవారం నాన్న పనికి పోడు. నమాజు నుంచి వచ్చి, భోంచేసి, వసారాలో కూర్చుని వింటికి కొత్త నరం బిగిస్తున్నాడు. నేను పుస్తకం పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాన్నా, ఇందులో ఒక కత ఉంది. చెప్పేదా?"

"చెప్పమ్మా" అన్నాడు తల ఎత్తకుండానే.

తప్పులతో, తడుముకుంటూ, దుప్పట్ల కథ మొత్తం చెప్పాను. బండి రాకపోవడం, వచ్చాక మళ్ళీ తెప్పించడం, చుట్టాలు ఆహా ఓహో అనడం. నాన్న నరం బిగించడం ఆపాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మళ్ళీ మడతపెట్టింది ఎవరు?" అన్నాడు.

"అదేం ముఖ్యం నాన్నా?"

"ముఖ్యం గాకపోవడమేంది? దుప్పటి దానంతటది మడతపడదు గదమ్మా. ఒకసారి కప్పుకున్నది కొత్తదానిలెక్క మడవాలంటే చానా పని. అంచుకి అంచు కలవాల. ఎవరో ఒకరు కూర్చుని మడిచుంటారు. ఆ దొరసాని మడిచిద్దా? చూడు, అందులో రాసే ఉంటది."

రాసి ఉండదనుకుంటూనే వెతికాను. ఉంది! ఆ పొడుగు వాక్యం మధ్యలో, రెండు కామాల నడుమ, అరవాక్యం. దుప్పట్లు తీసుకున్న ఆడవాళ్ళే, చలికి పగిలిన చేతులతో, అంచుకి అంచు కలిపి మడిచి ఇచ్చారని. మార్కులొచ్చాక మూడుసార్లు చదివిన పేజీ అది. మూడుసార్లూ దాని మీదుగా దాటిపోయాను. అక్షరమ్ముక్క ఇంగ్లీషు రాని మనిషి, ఆ పుస్తకాన్ని ముట్టుకోకుండానే, అందులో ఏముందో చెప్పాడు.

నేను చదివి తెలుగులో చెప్పగానే నాన్న అప్పుడు నవ్వాడు. వంగిపోయి, విల్లు పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇది రాసినామె ఎవరో గట్టిదే! మన పని చేసిందా ఏంది?" అన్నాడు. తర్వాత, "ఆ ఇంటికి నేను పోయినానమ్మా" అన్నాడు.

"అది ఇంగ్లండులో నాన్నా."

"యాడైతే ఏంది? పోయినా."

లేచి, తువ్వాలు తలమీద వేసుకుని, గడ్డం పైకెత్తి వసారాలో నాలుగు అడుగులు వేశాడు. కనపడని చుట్టాల వైపు ఒక కన్ను, కనపడని బీదవాళ్ళ వైపు ఒక చెయ్యి. నాలుగువందల పేజీల్లో నాకు కనపడని దొరసాని మా వసారాలో నడుస్తున్నది! మిషను మీద కూర్చున్న అమ్మ కుట్టడం ఆపి, "అట్టా గాదయ్యా, గొంతు ఇంకాస్త తియ్యగా ఉండాల. ఇచ్చేటప్పుడు తియ్యగానే మాట్లాడతారు" అని దిద్దింది. ఇన్నాళ్ళూ సెటైర్ అన్న మాటని బోర్డు మీద, డిక్షనరీలో వెతికాను. అది మా ఇంట్లో రోజూ అన్నంతో పాటు వడ్డించేదే.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఒక అధ్యాయం. నేను చెప్పడం, నాన్న అడ్డం పడి అడగడం. ఆయన అడిగేవన్నీ ఒకే రకంగా ఉండేవి. ఆ విందులో గిన్నెలు తోమింది ఎవరు? వానలో బండి ఆపుకుని రెండు గంటలు కూర్చున్న బండివాడికి ఏమన్నా పెట్టారా? ప్రతిసారీ వెతికేదాన్ని. చానాసార్లు ఏదో ఒక మూల ఒక ముక్క దొరికేది. దొరకనప్పుడు నాన్న, "మర్చిపోయిందిలే, ఆమె కూడా పెద్దింటి మనిషే గదా" అనేవాడు. ఆ మాటలన్నీ మార్జిన్లో పెన్సిలుతో రాసుకున్నాను.

ఒకరోజు ధైర్యం చేసి స్టాఫ్ రూముకి వెళ్ళాను. "సార్, ఆ రోజు అబద్ధం చెప్పాను. మా ఇంట్లో ఉన్నారు" అన్నాను. అంతా చెప్పాను, దుప్పట్లు మడవడంతో సహా. సారు తన పుస్తకం తీసి ఆ పేజీ చూశారు. చాలాసేపు చూశారు. "ఇన్నేళ్ళ నుంచి ఈ పాఠం చెప్తున్నానమ్మా. ఈ అరవాక్యం దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు" అన్నారు. ఒక లెక్చరరు తన విద్యార్థి ముందు ఆ మాట అనడం నాకు అప్పుడు మామూలుగానే అనిపించింది. తర్వాత నేనూ పాఠాలు చెప్పుకుని బతికాను. ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసుండాలో అప్పుడు తెలిసింది. ఆయనకి నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఒక్కటే మిగిలిపోయింది. నవల గురించి అంత హుషారుగా మాట్లాడే నాన్న, తను పోయివచ్చిన ఇళ్ళ గురించి మాత్రం నోరెత్తేవాడు కాదు. ఒకసారి నేనే అడిగాను, "ఇయ్యాల పోయిన ఇంట్లో ఏంది నాన్నా సంగతి?" అని. "ఏముందమ్మా, పరుపు కుట్టినా, వచ్చినా" అన్నాడు. అలిగి అన్న మాట కాదది. నాకు నొప్పి కలగకూడదని జాగ్రత్తగా అన్న మాట. నా కోసం ఆ మనిషి తన సంతోషాన్ని మానుకున్నాడు. తప్పయిందని చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. మా ఇళ్ళల్లో తండ్రికి క్షమాపణ చెప్పే అలవాటు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

మార్చిలో పరీక్షలు రాశాను. సెలవులయ్యాక ఫలితాల కాగితం కాలేజీ బోర్డు మీద అంటించారు. నా నంబరు ఉంది. ఒక్క పేపరు కూడా తప్పలేదు. అందరూ ఇళ్ళకి పరిగెత్తుతుంటే నేనూ పరిగెత్తాను. అమ్మకి చెప్పి, "నాన్న యాడ?" అంటే, ఆ రోజు నాన్నని పిలవడానికి ఇంటికే మనిషొచ్చాడు కాబట్టి, అమ్మ ఒక మేడ గుర్తులు చెప్పగలిగింది. నాన్న పనిచేసే చోటికి నేను పదేళ్ళ వయసు తర్వాత వెళ్ళలేదు. ఆ గేటు ముందు ఒక నిమిషం నిలబడ్డాను. తర్వాత గడియ తీసుకుని దొడ్లోకి వెళ్ళాను.

దూది పొగలా లేస్తున్నది. ముక్కుకి గుడ్డ కట్టుకుని నాన్న గూటంతో నరాన్ని కొడుతున్నాడు. ఆ ఇంటావిడ వరండాలో కుర్చీ వేసుకుని పని చూస్తున్నది.

"నాన్నా, పాసయినా. అన్ని పేపర్లూ" అన్నాను.

నాన్న గూటం కింద పెట్టి, గుడ్డ విప్పి, నా మొహంలోకి చూశాడు. నేను ఆ దొడ్లో, ఆ ఇంటావిడ చూస్తుండగా, తన పక్కన నిలబడి ఉన్నానని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"ఏం పాసయ్యిందీ?" వరండాలోంచి ప్రశ్న.

"బీయే రెండో ఏడమ్మా. ఇంగ్లీషు" అన్నాడు నాన్న.

"ఆడపిల్లకి ఇంగ్లీషెందుకు సాయిబూ? అంతంత చదివితే కళ్ళు పోతయ్. మా తమ్ముడి కూతురు అట్టాగే చదివి అద్దాలు తెచ్చుకుంది. పొద్దున్నే కరేపాకు తినిపించు."

నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం తల కాస్త పక్కకి వంచి, ఎంతో శ్రద్ధగా, "పచ్చిదా అమ్మా, ఎండబెట్టిందా?" అని అడిగాడు.

"పచ్చిదే. మా ఇంట్లో అందరం పచ్చిదే తింటాం."

"నమలాలా అమ్మా, నూరి తాగాలా?"

ఆవిడకి హుషారొచ్చింది. కుర్చీ ముందుకి జరుపుకుంది. నమలడం గురించి, నూరడం గురించి, ఏ దిక్కుకి కూర్చుని చదవాలో, తలకి ఏ నూనె రాయాలో మొదలుపెట్టింది. నాన్న ఒక్కొక్క మాటకీ తల ఊపుతున్నాడు. ఆవిడ గాజులు పైకి తోసుకున్నప్పుడు ఆయన కళ్ళు ఒక్క క్షణం ఆ చేతి మీదికి వెళ్ళి వచ్చాయి. నాకు మండుతున్న ఒళ్ళు చప్పున చల్లబడింది.

నా వైపు చూడకుండానే పరుపు గుడ్డ కొస ఒకటి నాకు అందించాడు. "ఇది గట్టిగా పట్టుకో అమ్మా" అన్నాడు. నేను కింద కూర్చుని, ఆవిడకి నా మొహం కనపడకుండా తల వంచుకుని, రెండు చేతులతో ఆ కొస పట్టుకున్నాను. నాన్న దబ్బనంలో దారం ఎక్కిస్తూ, ఒక్క మాట కూడా పోనీకుండా వింటూ, "ఇంకా ఏం చెయ్యమంటారమ్మా?" అన్నాడు. సాయంత్రం అన్నం దగ్గర అమ్మకీ నాకూ చెప్పడానికే అడుగుతున్నాడు.